బఫ్ (బలం పెంచేది) తీసేశాక అటాక్ తగ్గిపోతోంది, స్టాట్స్ ఎలా రాసుకోవాలి?

సిల్క్‌బోర్డ్_సిగ్నల్
గోడో అనే గేమ్ ఇంజిన్‌లో టర్న్ బేస్డ్ ఆర్‌పీజీ (వంతులవారీగా పోరాడే పాత్రల ఆట) రాస్తున్నా. కత్తి తొడిగితే అటాక్‌ని 1.2తో గుణించి, తీసేస్తే 1.2తో భాగిస్తున్నా. 17 ఉన్న అటాక్ ఒకసారి తొడిగి తీసేసరికి 16 అవుతోంది. పైగా ఒక దెయ్యాన్ని కొడితే నాలుగింటికీ హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) తగ్గుతోంది! డ్యామేజ్‌కి అటాక్ మైనస్ డిఫెన్స్ సరిపోతుందా? మారతహళ్లి వైపు ఎవరైనా ఉంటే ఆదివారం ల్యాప్‌టాప్‌తో వచ్చి చూపిస్తా.

కత్తి_డాలు
17 × 1.2 = 20.4. ఇంట్ (పూర్ణాంకాలే దాచే) వేరియబుల్ కాబట్టి 20 మిగిలింది. దాన్ని 1.2తో భాగిస్తే 16.67, అంటే 16. దశాంశాలు దాచే ఫ్లోట్‌కి మారిస్తే తప్పు కనబడకుండా పోతుందంతే. బేస్ స్టాట్‌ని (ఏమీ తొడగనప్పటి విలువని) అసలు ముట్టుకోవద్దు. పక్కన మాడిఫయర్ల (స్టాట్‌ని పెంచే, తగ్గించేవాటి) లిస్టు పెట్టు. ఒక్కోదానికి మూడే: ఎక్కడి నుంచి వచ్చింది, ఫ్లాటా (నేరుగా కలిపే అంకె) పర్సెంటా, ఎంత. కత్తి తీసేస్తే ఆ కత్తి ఐడీ ఉన్నవన్నీ లిస్టులోంచి తీసెయ్, ఫైనల్ విలువ మళ్లీ లెక్కగట్టు. భాగహారమే ఉండదు.

వరస ముందే ఖాయం చేసుకో. బేస్ 50, కత్తి +10, మందు 20%, మంత్రం 10% అనుకో. ముందు ఫ్లాట్ కలిపితే 60. పర్సెంట్లు కూడి 30% వేస్తే 78, విడివిడిగా గుణిస్తే 79.2. తేడా చిన్నదే కానీ ఆరేడు బఫ్‌లు పేరిస్తే ఆట చేయి దాటిపోతుంది. నేనైతే కూడతాను. సేవ్ ఫైల్లో ఫైనల్ విలువ రాయకు, బేస్, మాడిఫయర్లు చాలు.

వైట్‌ఫీల్డ్_మాంత్రికుడు
దెయ్యాల సంగతి: గోడోలో ఒకే ఫైల్ నుంచి లోడయిన రిసోర్స్‌ని (డేటా దాచే వస్తువుని) అన్ని సీన్లూ పంచుకుంటాయి. దెయ్యం సీన్‌లోకి రాగానే నడిచే రెడీ ఫంక్షన్‌లో దాన్ని డూప్లికేట్ చేస్తే ఆగుతుంది. అంతకన్నా మేలు, ఇప్పటి హెచ్‌పీని రిసోర్స్‌లో కాకుండా నోడ్‌లోనే (ఒక్కో దెయ్యానికి సొంతమైన వస్తువులో) ఉంచడం. రిసోర్స్‌లో మారని డేటా మాత్రమే ఉండాలి.

తీసివేత ఫార్ములా వద్దు. అటాక్ 30, డిఫెన్స్ 28 అయితే దెబ్బ 2. అటాక్ 5 పెరిగితే దెబ్బ 7, మూడున్నర రెట్లు! అటాక్ × 100 ÷ (100 + డిఫెన్స్) వాడు. డిఫెన్స్ 100కి సగం, 300కి పావు, ఎప్పటికీ సున్నా కాదు. 100ని 100.0 అని రాయి, ఇంట్‌ని ఇంట్‌తో భాగిస్తే గోడో దశాంశాలు కోసేస్తుంది. రౌండింగ్ చివర్లో ఒక్కసారే.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్
థాంక్స్ అన్నా. మ్యాక్స్ హెచ్‌పీ పెంచే ఉంగరానికీ ఇదే లిస్టా?

కత్తి_డాలు
లిస్టు అదే, కానీ ఇప్పటి హెచ్‌పీ జాగ్రత్త. 40/100 ఉన్నవాడు +50 ఉంగరం తొడిగితే 90/150 చేశావనుకో. తీయగానే 90/100. ఊరికే 50 వైద్యం! తొడిగినప్పుడు 40ని 40గానే ఉంచు, తీసినప్పుడు మ్యాక్స్ దాటితే మాత్రం కత్తిరించు.