ఉగాది సాయంత్రం: రెండు నెక్‌ల పెడల్ స్టీల్ గిటార్ కోసం వేదిక ఏర్పాట్లు

వేదిక బాధ్యురాలు:

అందరికీ నమస్కారం. నాష్‌విల్‌లో ఇన్నేళ్లుగా కాపురముంటున్నా, ఈ ఊరి సంగీతానికి ప్రాణం వంటి పెడల్ స్టీల్ గిటార్‌ను మన ఉగాది వేదిక మీద ఇంతవరకు వినిపించలేకపోయాం. ఈసారి మన పిల్లల గాత్రానికి తోడుగా వాయించడానికి ఒక పెద్దాయన అంగీకరించారు. నిన్న సాయంత్రం వారి ఇంటికి వెళ్లి వాద్యాన్ని దగ్గరగా చూసి వచ్చాను. చూసిన తరువాత, గతవారం మనం గీసుకున్న వేదిక పటాన్ని మార్చక తప్పదని తెలిసింది, ఎందుకంటే దాన్ని కీబోర్డులా ఎటు తిప్పి పెట్టినా ఒకటేనని మనం అనుకున్నాం.

అది నాలుగు కాళ్ల మీద నిలబడే వాద్యం. పైన పక్కపక్కనే రెండు నెక్‌లు (తీగలు బిగించిన పొడవాటి పట్టీలు), ఒక్కొక్క నెక్‌కు పది తీగలు ఉంటాయి. ఆయన దాని వెనుక కూర్చొని, ఎడమచేత ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ, కుడిచేతి వేళ్లకు పిక్‌లు తొడుక్కొని మీటుతారు. ఒంటికి దూరంగా, అంటే ప్రేక్షకుల వైపు ఉండే నెక్‌ను ఈ9 (E9) శ్రుతికీ, ఒంటికి ఆనుకొన్నట్లు ఉండే నెక్‌ను సీ6 (C6) శ్రుతికీ కేటాయించుకోవడం ఎక్కువమంది పాటించే పద్ధతి. ఇవి తీగలను బిగించుకునే రెండు స్వర వరుసల పేర్లు. నాష్‌విల్ పాటల్లో గుండెను మెలిపెట్టే ఆ జారుడు స్వరం ఈ9 నెక్‌ది. టెక్సస్ స్వింగ్‌కు, జాజ్ ధోరణికి సీ6 నెక్‌ను వాడుతారు. ఈ రెండింటినీ తారుమారు చేసుకొని సీ6ను దూరంగా, ఈ9ను దగ్గరగా పెట్టుకునేవారు కూడా కొందరున్నారు కనుక, నేను ఊహించుకోకుండా ఆయననే అడిగాను. ఆయనది అందరి పద్ధతే.

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాలి. ‘ముందు నెక్’ అంటే మన అలంకరణ బృందం ప్రేక్షకుల వైపుదని అనుకుంటుంది, వీడియో బృందం వాయించేవారి ముందున్నదని అనుకుంటుంది. కాబట్టి ఇకపై దూరంగా ఉన్నదాన్ని ‘బయటి నెక్’ అనీ, దగ్గరగా ఉన్నదాన్ని ‘లోపలి నెక్’ అనీ మాత్రమే రాయవలసిందిగా మనవి.

ధ్వని విభాగం:

రెండు నెక్‌లు ఉన్నాయంటున్నారు కదా, రెండు వేర్వేరు కేబుళ్లు, రెండు చానళ్లు ఉంచాలా? అసలు ఒకే మనిషికి రెండు నెక్‌లు ఎందుకు? ఆయన ఏదో ఒకదాన్నే వాయించేటట్లయితే చిన్న వాద్యం తెచ్చుకొమ్మని అడగవచ్చునేమో, వేదిక మీద స్థలం కలిసివస్తుంది.

వేదిక బాధ్యురాలు:

ఒక కేబుల్, ఒక చానల్ చాలు. ప్రతి నెక్‌కూ తన పికప్ (తీగల శబ్దాన్ని అందుకొని కేబుల్‌లోకి పంపే భాగం) ఉన్నా, ఏ నెక్ పలకాలో ఒక చిన్న స్విచ్‌తో ఎంచుకుంటారు. శబ్దం ఒకే దారిన బయటికి వస్తుంది. ఆ కేబుల్ ముందుగా ఆయన కుడికాలి కింద ఉండే వాల్యూమ్ పెడల్‌కు వెళ్లి, అక్కడినుండి ఆంప్లిఫయర్‌కు వెళుతుంది. ఆంప్లిఫయర్ ఎదుట ఒక మైకు పెడితే సరిపోతుందని ఆయనే చెప్పారు.

రెండు నెక్‌లు ఎందుకన్నది మంచి ప్రశ్న. పెడళ్లు లేని రోజుల్లో ఈ వాద్యంలో ఒక నెక్ అంటే ఒకే శ్రుతి. పాట ధోరణి మారితే మరో శ్రుతి, దానికి మరో నెక్ కావాలి. అందుకే 1950లలో ఫెండర్ కంపెనీ రెండు, మూడు, నాలుగు నెక్‌ల స్టీల్ గిటార్లను అమ్మింది. తీగ మోగుతుండగానే పెడల్ తొక్కి దాని స్వరాన్ని జరిపే పద్ధతి 1954 ప్రాంతంలో బడ్ ఐజాక్స్ అనే స్టీల్ గిటార్ కళాకారుడి వాదనంతో అందరి చెవినా పడింది. అప్పటినుండి ఒకే నెక్ ఎన్నో శ్రుతుల పని చేయగలిగింది. అయినా రెండు మిగిలాయి, ఎందుకంటే ఈ9లో పలికే తీరు, సీ6లో పలికే తీరు ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కావు. రెండింటినీ కలిపి 12 తీగల ఒకే నెక్‌లో ఇమిడ్చుకునేవారూ ఉన్నారు. లోపలి నెక్ అవసరం లేనివారు ఆ చోట చేతులు ఆనించుకునే మెత్తటి ప్యాడ్ పెట్టించుకుంటారు. మన అతిథి మాత్రం రెండూ వాయిస్తారు. స్థలం కోసం ఆయనను ఒక నెక్‌కు కుదించమనడం నాకు న్యాయమనిపించడం లేదు.

కాళ్ల కింది అమరిక కూడా చెప్పవలసినదే. ఆయన వాద్యానికి ఎనిమిది పెడళ్లు ఉన్నాయి. ఎడమవైపున్న మొదటి మూడు బయటి నెక్‌వి, మిగిలిన ఐదు లోపలి నెక్‌వి. నెక్ మారినప్పుడల్లా ఎడమకాలు కూడా జరుగుతుంది. మొదటి మూడింటి వరుసలో మళ్లీ రెండు సంప్రదాయాలు ఉన్నాయట. రెండూ పేరున్న వాదకుల పేర్లతో ఉన్నవే. బడీ ఎమన్స్ పద్ధతిలో ఎడమనుండి కుడికి ‘ఏ’, ‘బీ’, ‘సీ’ అనే పెడళ్లు ఉంటాయి. జిమ్మీ డే పద్ధతిలో అదే తిరగబడుతుంది. ఆయనది ఎమన్స్ పద్ధతి. వీటికి తోడు మోకాళ్లతో నెట్టే లీవర్లు ఉంటాయి. కాబట్టి మనం మడత కుర్చీ ఇవ్వకూడదు. తన ఆసనం తానే తెచ్చుకుంటానన్నారు.

సంగీత తరగతుల ఉపాధ్యాయురాలు:

చాలా వివరంగా రాశారు, సంతోషం. పిల్లలు 5వ శ్రుతిలో, అంటే జీలో పాడతారు. మొదటిది మోహన రాగ గీతం. దానికి ఏ నెక్ అనుకూలమో తెలిస్తే నేను సాధన ఆ ప్రకారం చేయిస్తాను. గమకాలు పలుకుతాయా అన్నది కూడా నా సందేహం. గోటువాద్యం విన్న చెవులకు కడ్డీతో జారడం కొత్త కాదు గానీ, పెడల్‌తో స్వరం మారడం ఎలా వినిపిస్తుందో నాకు తెలియదు.

వేదిక బాధ్యురాలు:

అమ్మా, ఈ ప్రశ్నే నేను ఆయన ఇంట్లో గంటసేపు కూర్చొని అడిగాను. మన స్వరాల్లో చెప్పుకుంటే ఎంత తేటగా ఉందో చూడండి. బయటి నెక్‌లో ‘ఈ’ తీగను షడ్జమం అనుకుంటే, ‘ఏ’ పెడల్ పంచమాన్ని చతుశ్రుతి ధైవతానికి ఎత్తుతుంది. బీ పెడల్ అంతర గాంధారాన్ని శుద్ధ మధ్యమానికి ఎత్తుతుంది. సీ పెడల్ షడ్జమాన్ని చతుశ్రుతి రిషభానికీ, దానితోపాటు పంచమాన్ని ధైవతానికీ ఎత్తుతుంది. మోకాలి లీవర్లలో ఒకటి షడ్జమాన్ని కాకలి నిషాదానికి దించుతుంది. ఒక తీగ కదలకుండా నిలిచి ఉండగా పక్క తీగ ఒక్కటే పైకి పాకుతుంది. గోటువాద్యంలో కడ్డీ జరిగితే దాని కింద ఉన్న తీగలన్నీ కలిసి జరుగుతాయి. తేడా అక్కడుంది.

లోపలి నెక్ సంగతి వేరు. సీ6లో తీగలన్నీ దాదాపు స, గ, ప, ద స్వరాలే. మోహనానికి రిషభం ఒక్కటే తక్కువ. అందువల్ల మీ గీతానికి లోపలి నెక్ పుట్టింటి వంటిదని నా అభిప్రాయం. కానీ గమకం బయటి నెక్‌లోనే మనసుకు హత్తుకుంటున్నది. ఆయన రెండింటి మీదా ఆరోహణ వాయించి చూపినప్పుడు నేను ఏదీ తేల్చుకోలేకపోయాను. శనివారం సాధనలో పిల్లల గొంతులతో కలిపి విని, మీరే నిర్ణయించండి.

ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. పిల్లల జీ శ్రుతికి బయటి నెక్‌లో కడ్డీ 3వ ఫ్రెట్ (స్వరస్థానం చూపే గీత) మీద ఉంటుంది, లోపలి నెక్‌లో 7వ ఫ్రెట్ మీద ఉంటుంది. నెక్ మారేటప్పుడు చేయి ముందుకు వెనుకకు మాత్రమే కాక పక్కకూ జరగాలి, కాలూ జరగాలి, స్విచ్ కూడా మార్చాలి. కాబట్టి పాటకూ పాటకూ మధ్య వ్యాఖ్యాతలు రెండు మాటలు చెప్పి, ఆయనకు ఆ వ్యవధి ఇవ్వాలి.

వీడియో బృందానికి: ఎదురుగా పెట్టే కెమెరాకు వాద్యం అంచు తప్ప తీగలు కనబడవు. ఆయన లోపలి నెక్ వాయించేటప్పుడు చేతులు బయటి నెక్ వెనుకకు వెళ్లిపోతాయి. ఆయన భుజం వెనుకనుండి కొంచెం ఎత్తులో ఒక కెమెరా పెడితే రెండు నెక్‌లూ కనిపిస్తాయి. పెడళ్లు మాత్రం ఎదుటినుండే, కింది ఎత్తులోనే కనబడతాయి.

అలంకరణ బృందానికి నాది ప్రత్యేకమైన విన్నపం. వాద్యం ముందు అంచుకు మామిడాకుల తోరణం, బంతిపూల దండలు వేలాడదీయాలని మీరు ఎంతో ప్రేమతో అనుకున్నారు. పెడళ్లనుండి పైకి వెళ్లే సన్నని కడ్డీలు సరిగ్గా ఆ అంచు కిందే ఉంటాయి. ఒక్క దండ వాటికి చుట్టుకున్నా పెడల్ పూర్తిగా దిగదు, స్వరం అపస్వరమవుతుంది. తోరణాన్ని దయచేసి వెనుక తెరకు కట్టండి. మృదంగం, వయొలిన్ వారు కూర్చునే తివాచీ వేదికను కొంచెం ఎత్తు చేస్తే, ఆసనం మీద కూర్చున్న ఆయనతో వారికి చూపులు కలుస్తాయి.

రవాణా బృందానికి: పెట్టెతో కలిపి వాద్యం ఒక్కరు మోయగలిగినది కాదు. ఇద్దరు కావాలి, అది కూడా మెట్లు లేని వెనుక ద్వారం నుండి. వేదిక మీద నాలుగు కాళ్లూ సమంగా ఆనాక, ఆయన ప్రతి పెడల్‌నూ లీవర్‌నూ తొక్కి, నెట్టి చూసుకొని, కుడివైపు కొసన చిన్న తాళపుచెవి వంటి పనిముట్టుతో ఒక్కొక్క స్వరాన్నీ సరిచూసుకుంటారు. రెండు నెక్‌లకూ కలిపి అరగంట అడిగారు. ఆ అరగంటలో హాలులో పాటలు పెట్టకుండా ఉండే బాధ్యత ధ్వని విభాగానిది. ఎవరు మోస్తారో, ఎన్ని గంటలకు వస్తారో ఈ రాత్రికి ఇక్కడే రాయండి, రేపు ఉదయం ఆయనకు ఫోన్ చేసి చెప్పాలి.