లాబ్రడార్‌కి టిక్ ఫీవర్: మందులు వేస్తున్నాం, గోమార్లు మాత్రం ఇంట్లోంచి పోవట్లేదు

దానవాయిపేట మాస్టారు:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి, రెండో అంతస్తులో ఫ్లాట్. నేను, మా ఆవిడ, సీజర్ అనే నాలుగేళ్ల మగ లాబ్రడార్. కుక్కని పెంచుకున్నది మావాడు. ఉద్యోగం బెంగళూరుకి మారింది, అక్కడ ఇంటివాళ్లు కుక్కని ఒప్పుకోలేదు. "రెండు పూటలా తిప్పి ఇంత అన్నం పడేస్తే చాలు నాన్నా" అని మా దగ్గర దింపి వెళ్లాడు. ముప్పై రెండు కిలోల జంతువు! గోదావరి గట్టు మీద బజ్జీల బండి వాసన తగిలిందంటే నేను వాణ్ణి తిప్పడం కాదు, వాడే నన్ను తిప్పుతాడు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. ఎంతోమంది చెవులు మెలిపెట్టిన చేతులివి, ఇప్పుడు వీడి చెవుల్లో గోమార్లు ఏరుతున్నాయి.

అసలు సంగతికొస్తాను. ఈమధ్య వీడు ఉన్నట్టుండి అన్నం మానేశాడు. ఒళ్లు కాలిపోతోంది, చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. డాక్టరు గారు రక్తం పరీక్ష చేయించి, ప్లేట్‌లెట్లు బాగా తగ్గాయి, ఎర్లీకియా, అంటే గోమార్లు కుట్టడం వల్ల వచ్చే జ్వరం అన్నారు. డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడమన్నారు. రెండు మూడు రోజులకే లేచి కూర్చున్నాడు, తోక ఊపుతున్నాడు. బాగానే ఉన్నాడు కదా, ఇంకా అన్ని రోజులు వేడి మందు ఎందుకని మా ఆవిడ సణుగుడు. మాత్ర ఊరికే వేస్తే కక్కేస్తున్నాడని పెరుగన్నంలో కలిపి పెడుతోంది.

నా టెన్షన్ గోమార్ల గురించి. పొద్దున ఏరితే సాయంత్రానికి మళ్లీ ఉంటున్నాయి. నిన్న హాల్లో ట్యూబ్‌లైటు పక్కన గోడెక్కుతూ ఒకటి కనబడింది. పక్కింటాయన కిరసనాయిలు రాయమంటాడు. మా వియ్యపురాలు కొబ్బరినూనెలో కర్పూరం కలిపి పట్టించమంటుంది. అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

తణుకు బాబాయ్:

మాస్టారూ, నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాను. డాక్టరుని కాను. మీ డాక్టరు గారి మాటే ఆఖరి మాట. నేను చూసింది చెబుతాను.

ముందు ఆ పెరుగు ఆపించండి. పాలు, పెరుగులోని కాల్షియం డాక్సీసైక్లిన్‌ని సరిగా ఒంటపట్టనివ్వదు. ఉడికించిన చికెన్ ముక్క మధ్యలో మాత్ర దూర్చి పెట్టండి, ఉప్పూ కారం లేకుండా. ఉల్లిపాయ కూడా తగలకూడదు, అది కుక్కల రక్తాన్ని దెబ్బతీస్తుంది. మింగాక నీళ్లు తాగేలా చూడండి. ఈ మాత్ర గొంతులో ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. ఖాళీ కడుపున వేస్తే కక్కుతారు.

28 రోజులూ వాడాల్సిందే. పైకి ఎంత హుషారుగా ఉన్నా ఆ క్రిమి రక్తంలో దాక్కునే ఉండొచ్చు. మధ్యలో మానేసి, కొన్నాళ్లకి ముక్కులోంచి రక్తం కారుతుంటే పరుగెత్తుకొచ్చినవాళ్లని చాలామందిని చూశాను. అమ్మగారికి ఈ ముక్క చదివి వినిపించండి.

గోమార్ల విషయంలో మీరు వెతకాల్సింది ఒంటి మీద కాదు, గోడల్లో. ఈ గోధుమరంగు గోమారి ఇళ్లలోనే కాపురం పెడుతుంది. ఆడది రక్తం తాగి, ఉబ్బి, కింద రాలి, ఏ గోడ పగుల్లోకో తలుపు చట్రం సందులోకో పాకి వేల గుడ్లు పెడుతుంది. పుట్టిన పిల్ల కుక్కనెక్కి తాగి దిగిపోతుంది, కాస్త పెరిగి మళ్లీ ఎక్కుతుంది. పెద్దవైతే తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. అందుకే పొద్దున ఏరినవి సాయంత్రానికి మళ్లీ వచ్చినట్టుంటాయి. అవి వేరే బ్యాచ్.

పగుళ్లన్నీ వైట్ సిమెంటుతో పూడ్పించండి. వాడు పడుకునే గుడ్డలు మరిగే నీళ్లలో ఉతికి ఎండలో వేయండి. కర్టెన్ల మడతలు, సోఫా కింద, స్విచ్‌బోర్డు అంచులు చూడండి. మందు కొట్టిస్తే అది పూర్తిగా ఆరేదాకా కుక్కని ఇంట్లోకి రానివ్వకండి. గుడ్లు మందుకి చావవు కాబట్టి కొన్ని వారాలకి మళ్లీ కొట్టించాలి.

కిరసనాయిలు చర్మాన్ని కాల్చేస్తుంది. కర్పూరం నాకితే విషం, ఫిట్స్ వస్తాయి. జ్వరమని మన పారాసెటమాల్ కూడా వేయొద్దు, లివర్ పోతుంది. ఏరినవాటిని గోటితో నలపకుండా సబ్బునీళ్లలో వేయండి.

రెండు దేశీల అమ్మ:

బాబాయ్ గారు చెప్పినవన్నీ నిజం. మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. నేను గోమార్లని చంపే ఫ్లూరాలనర్ మాత్ర వాడతాను, మూడు నెలలు పనిచేస్తుంది. బరువుని బట్టి సైజు ఉంటుంది, డాక్టర్‌ని అడిగే కొనండి. ఫిట్స్ వచ్చే కుక్క అయితే ముందే ఆ సంగతి చెప్పాలి. ఖరీదెక్కువ, బిల్లు మీ అబ్బాయికి పంపండి అంకుల్, మొహమాటపడకండి! ఈ మాత్ర వేశాక కూడా కొన్నాళ్లు గోమార్లు కనిపిస్తాయి. కుట్టి రక్తం తాగితేనే చస్తాయి కాబట్టి మందు పనిచేయలేదని కంగారుపడొద్దు.

ఇంకో మాట. మీ సెల్లార్‌లో వీధికుక్కలు పడుకుంటాయా? మా అపార్ట్‌మెంట్లో అసలు చిక్కు అక్కడే ఉంది. పైన ఎంత శుభ్రం చేసినా కింద మెట్ల దగ్గర నుంచి మళ్లీ ఎక్కేవి. చివరికి కింద ఉండే కుక్కకి కూడా మాత్ర వేశాం.

తిప్పడానికి మెడపట్టీ వద్దు, ముందు రొమ్ము దగ్గర కొక్కెం ఉండే హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) తీసుకోండి. లాగితే వాడే పక్కకి తిరిగిపోతాడు, మీ భుజం మిగులుతుంది. రోడ్డు మీద అరచెయ్యి పెట్టి చూడండి. మీకు చురుక్కుమంటే వాడి పాదాలకీ అంతే. ఎండాకాలం పొద్దున ఆరు లోపే వెళ్లొచ్చేయండి.

దానవాయిపేట మాస్టారు:

చాలా థాంక్స్. పెరుగు బందైంది, చికెన్ ముక్కలో మాత్ర గుటుక్కున మింగేశాడు. మాది శాకాహార వంటిల్లు, ఉడకబెట్టడానికి వేరే గిన్నె, బాల్కనీలో ఇండక్షన్ స్టవ్! సెల్లార్ సంగతి కరెక్టేనమ్మా. వాచ్‌మన్ అన్నం పెట్టే నల్లకుక్క ఒకటుంది, దాని చెవులు నిండా గోమార్లే. దానికి మాత్ర వేద్దామంటే బరువెంతో తెలియదు, తూకం మిషన్ మీద నిలబడదు.

తణుకు బాబాయ్:

వాచ్‌మన్‌ని కుక్కని ఎత్తుకుని మిషనెక్కమనండి, తర్వాత ఒక్కడినే ఎక్కమనండి. మొదటి బరువులోంచి రెండోది తీసేస్తే సరి. ఎత్తబోయే ముందు దానికి యాంటీ రేబిస్ టీకా వేయించారో లేదో కనుక్కోండి. సీజర్ టీకా కార్డు కూడా చూడండి, ఏడాది దాటితే వేయించాలి, కానీ ఈ జబ్బు పూర్తిగా తగ్గి డాక్టరు గారు సరేనన్నాకే. కోర్సు అయ్యాక ప్లేట్‌లెట్ల పరీక్ష మళ్లీ చేయించండి.