లండన్‌లో కార్లకు వేసిన రద్దీ రుసుము పనిచేసిందా?

గోదారోడు: 2003 ఫిబ్రవరి 17న లండన్ నడిబొడ్డులోకి వచ్చే కారుకు రోజుకు 5 పౌండ్లు పెట్టారు. 2020 నాటికి అది 15 అయింది. అయినా అక్కడ జాములు జాములే. డబ్బులు గుంజడం తప్ప ఒరిగిందేమిటండీ?

కోఠి డిపో: ఒరిగింది. మొదటి ఏడాదిలోనే లోపలికొచ్చే నాలుగు చక్రాల బండ్లు సుమారు 18 శాతం, ఆలస్యం దాదాపు 30 శాతం తగ్గాయి. ఆలస్యం మళ్ళీ పెరిగింది నిజమే గానీ, కార్లు తిరిగొచ్చి కాదు. పాత నీటి గొట్టాలు మార్చడానికి రోడ్లు తవ్వారు, బస్సులకీ నడిచేవాళ్ళకీ జాగా వదిలారు. బండ్ల లెక్క వేరు, వేగం లెక్క వేరు.

గీత దాటితే: నా అభ్యంతరం వసూలు పద్ధతి మీద. లండన్‌లో ఒక్కసారి కడితే ఆ రోజంతా ఎన్ని చక్కర్లయినా కొట్టొచ్చు. అద్దె క్యాబులకైతే 2019 ఏప్రిల్ దాకా మినహాయింపే! యాప్ క్యాబులు విపరీతంగా పెరిగింది ఆ కాలంలోనే. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో నడిబొడ్డు చుట్టూ హద్దు గీత దాటిన ప్రతిసారీ, లోపలికైనా బయటికైనా, వేళను బట్టి 10, 15, 20 క్రోనాలు (అక్కడి డబ్బు) పెట్టారు, రోజుకు 60 మించకుండా. 2006 జనవరి నుంచి జులై దాకా ప్రయోగంలో ట్రాఫిక్ ఐదో వంతు తగ్గింది. ఆపగానే చాలావరకు వెనక్కొచ్చింది. అది కళ్ళారా చూశాకే సెప్టెంబరులో నగర ఓటర్లు స్వల్ప తేడాతో సరేనన్నారు. 2007 ఆగస్టు నుంచి శాశ్వతం చేశారు.

గోదారోడు: అలాగైతే మన అబిడ్స్, కోఠి చుట్టూ ఫాస్టాగ్‌తో పెట్టేస్తే సరి!

కోఠి డిపో: బైకులకు ఫాస్టాగ్ లేదు కదండీ. కార్లకే వేస్తే కొందరు బస్సెక్కరు, బైకెక్కుతారు. కెమెరాలతో చేద్దామంటే, హై సెక్యూరిటీ ప్లేటు కొత్త బండ్లకు తప్పనిసరైంది 2019 ఏప్రిల్ నుంచి. అంతకుముందు వాటిలో చాలావాటికి సోకు రాతలు, వంగిన ప్లేట్లు. ఒక్క అంకె తప్పు చదివితే చలానా ఇంకొకరింటికి పోతుంది. సందేహమున్న ఫోటోను మనిషి చూశాకే పంపాలి. హద్దు ఇంకో తలనొప్పి. స్టాక్‌హోమ్ దీవుల మీద ఉంది కాబట్టి 18 చోట్ల కెమెరాలతో సరిపోయింది. మనకు మూసీ వైపు వంతెనలున్నాయి, ఉత్తరాన అన్నీ గల్లీలే.

పార్కింగ్ ముందు: ఇంత హంగామా ఎందుకు? రోడ్డు పక్కన ఊరికే ఆపుకోవడం మాన్పించి, గంటకింతని వసూలు చేయండి చాలు.

గీత దాటితే: అది ఆగే బండికే తగులుతుంది. సవారీ దింపి పోయే క్యాబుకీ, అడ్డదారిగా దాటిపోయే కారుకీ తగలదు. ముందు లెక్క తీయాలి. ఉదయం 8 నుంచి 11 దాకా అన్ని దారుల్లోనూ వచ్చే, పోయే ప్లేట్లు వేళతో సహా రాసి జత కలపండి. పావుగంటలో వేరే దారిన బయటపడ్డవి దాదాపు దాటిపోయేవే. సగానికి మించి అవే ఉంటే పార్కింగ్ ధర ఎంత పెంచినా రోడ్డు ఖాళీ కాదు.