‘బుర్హేసెస్ ఎ బుర్హేసాస్’కి ముందు పాదం ఏమిటి?

వెనకబెంచీ: స్పానిష్ క్లాసులో ‘అందరూ’ అనడానికి పుంలింగ బహువచనం ‘తోదోస్’ బదులు, ఆడా మగా తేడా లేకుండా ‘ఏ’ పెట్టి ‘తోదేస్’ అన్నాను. మాస్టారి మొహం చూడాలి! అప్పట్నుంచి సిద్ అనే వీరుడి మీద పాత స్పానిష్ కావ్యంలో పాదమొకటి బుర్రలో తిరుగుతోంది. దేశబహిష్కారం పడ్డ సిద్ బుర్గోస్ పట్నంలోకి వస్తుంటే కిటికీల్లోంచి చూసే పురజనులు: ‘బుర్హేసెస్ ఎ బుర్హేసాస్’, అంటే పట్నం మగవాళ్ళూ ఆడవాళ్ళూ. ఆడవాళ్ళని విడిగా చెప్పడం అప్పుడే ఉందన్నమాట. దాని ముందు పాదం ఎవరికైనా గుర్తుందా?

పాతపుస్తకం: ‘ఎషీయెన్ లో వెయెర్ ముజియేరెస్ ఎ వరోనెస్’, అతణ్ణి చూడ్డానికి ఆడవాళ్ళూ మగవాళ్ళూ బయటికొచ్చారని. అన్నట్టు ‘బుర్హేసెస్’లో ఆ ‘గ’ అక్షరం అప్పట్లో ‘హే’ కాదండీ, ‘జే’. ఫ్రెంచివాళ్ళ ‘జ’ లాంటిది. ‘హ’ పలుకు 16, 17 శతాబ్దాల సంగతి.

ఛందోభంగం: ‘ముజియేరెస్’ ముందొచ్చారని మురిసిపోకండి. పాదం చివర ‘ఓ’ ప్రాస పడాలి, అందుకే ‘వరోనెస్’ అక్కడికెళ్ళారు.

వెనకబెంచీ: మరి ‘బుర్హేసాస్’? ఆ పాదం ‘సోన్’తో ముగుస్తుంది. మధ్యలో ప్రాస గొడవేముంది?

పాతపుస్తకం: ‘జే’, ‘జే’!

ఛందోభంగం: జంటమాటలు ఆ కవికి అలవాటు. మూర్లు, క్రైస్తవులు అంటే ‘అందరూ’ అన్నట్టు.

వ్యాకరణం మావయ్య: అందరికీ పుంలింగ బహువచనమే చాలంటుంది స్పానిష్ భాషకి పెద్దదిక్కైన రాయల్ అకాడమీ. 2020 అక్టోబరులో ఆడా మగా తేడా లేని ‘ఎయ్యే’ సర్వనామాన్ని తమ సైట్లో పరిశీలనకి పెట్టి, గోల కాగానే తీసేశారు. బ్యూనస్ అయిరెస్ నగరం 2022లో బళ్ళలో, అర్జెంటీనా ప్రభుత్వం 2024లో ఆఫీసుల్లో ఈ ‘ఏ’కారాన్ని వద్దన్నాయి. ఆడ అధ్యక్షురాలిని ‘ప్రెసిదెంతా’ అనడం కూడా కొత్త ఫ్యాషనని కసురుకునేవాళ్ళున్నారు. ఆ మాట 1803 నుంచి అకాడమీ నిఘంటువులోనే ఉంది!

ఛందోభంగం: ‘అమిగోస్’ (స్నేహితులు)లో ‘ఓ’ తీసి ‘ఏ’ పెడితే, ‘ఏ’ ముందు ‘గ’ అక్షరం ఇప్పుడు ‘హ’గా పలుకుతుంది కాబట్టి, ‘అమిహేస్’ అయిపోతుంది. ‘గ’ని కాపాడ్డానికి మధ్యలో ‘ఉ’ దూర్చాలి. నా బాధంతా ఆ ‘ఉ’తోనే.

పాతపుస్తకం: చూశారా, మళ్ళీ ‘గ’ దగ్గరికే వచ్చాం.

వెనకబెంచీ: మనకి ‘వాళ్ళు’తో సరిపోతుంది, హాయి.

వ్యాకరణం మావయ్య: ఏకవచనంలో ‘అక్క వచ్చింది, గేదె వచ్చింది’. హాయేనా అమ్మా?

కిటికీ పక్కన: మీరంతా సోర్ హువానాని మర్చిపోయారు. 17వ శతాబ్దపు మెక్సికో సన్యాసిని, ‘ఓంబ్రెస్ నేసియోస్’ అని మొదలుపెట్టి మూర్ఖపు మగాళ్ళని ఉతికి ఆరేసింది. ‘ఓంబ్రెస్’ అంటే మనుషులందరూ అని అక్కడ చెప్పమనండి చూద్దాం!

ఛందోభంగం: ఆవిడ జోలికి నేను రాను. కానీ ఛందస్సు చూశారా, ఎంత శుభ్రమైన ఎనిమిదక్షరాల పాదాలో!

వెనకబెంచీ: బాబోయ్, రేపు మాస్టారికేం చెప్పను?

పాతపుస్తకం: ముందు ‘జే’ అని పలకండి.