కంటి ఆస్పత్రి కోసం పాటల సాయంత్రం: ఎవరు ఏ పని తీసుకుంటారు?

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో మన రెడింగ్‌లో హాల్ ఖాయమైంది, శనివారం సాయంత్రం 5 నుంచి 8 దాకా. మన పిల్లల బ్యాండ్ పైసా తీసుకోకుండా వాయిస్తోంది: రెండు గిటార్లు, వేణువు, కహోన్ (మీద కూర్చుని చేత్తో వాయించే చెక్కపెట్టె డ్రమ్). వచ్చిన విరాళాలన్నీ హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రికి. 1987లో మొదలైన ఆ ఆస్పత్రికి స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది సినిమా పెద్దాయన ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబమే. పేదలకు అక్కడ ఉచితంగా చూస్తారు. మన సినిమా పాటలు పాడి పోగుచేసిన డబ్బు అక్కడికే వెళ్లడం నాకెంతో సంతోషం.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నా, టికెట్ పెట్టొద్దు. టికెట్ డబ్బుకి గిఫ్ట్ ఎయిడ్, అంటే ఛారిటీ విరాళాలకి బ్రిటన్ ప్రభుత్వం కలిపే సొమ్ము, రాదు. ఇక్కడ పన్ను కట్టేవాళ్లు ఇష్టపడి ఇచ్చే విరాళానికైతే పౌండ్‌కి 25 పెన్నీలు ప్రభుత్వం కలుపుతుంది. మన సంఘం రిజిస్టర్డ్ ఛారిటీ కదా, ఎందుకు వదులుకోవాలి? గేటు దగ్గర ఉండేవాళ్లు విరాళం ఇచ్చేవాళ్లతో గిఫ్ట్ ఎయిడ్ ఫారంలో పేరు, ఇంటి అడ్రస్ పూర్తిగా రాయించండి. ఇవ్వనివాళ్లనీ నవ్వుతూ లోపలికి పంపాలి. ఇస్తేనే ఎంట్రీ అంటే అది మళ్లీ టికెట్టే.

ఫుడ్ టీం: అన్నా, మరి బిర్యానీ డబ్బులు?

అది అమ్మకం అమ్మా, విరాళం కాదు. డబ్బా వేరు, లెక్క వేరు. పాట నడిచేటప్పుడు కిచెన్ కిటికీ మూసేయండి, గిన్నెల చప్పుడు హాలంతా వినిపిస్తుంది.

సౌండ్ టీం: మైకులు అద్దెకి తేవాలా అన్నా?

వద్దు తమ్ముడూ. మైకు లేకుండా పాడితే 2012 లైవ్ మ్యూజిక్ చట్టం ప్రకారం ఉదయం 8 నుంచి రాత్రి 11 వరకు కౌన్సిల్ లైసెన్స్ అక్కర్లేదు. పాటల హక్కుల లైసెన్స్ వేరు, అది హాల్‌వాళ్లకి ఉందో లేదో నేను కనుక్కుంటా. రిహార్సల్‌లో పాడే అమ్మాయి శ్రుతికి గిటార్ రెండో ఫ్రెట్ (మెట్టు) మీద కేపో, అంటే శ్రుతి పెంచడానికి తీగల మీద బిగించే క్లిప్పు, పెట్టారు. కహోన్‌ని అరచేత్తో కాకుండా వేళ్లతో వాయించేసరికి వేణువు వెనక వరుస దాకా హాయిగా వినిపించింది. కుర్చీలు అర్ధచంద్రంలా దగ్గరగా వేస్తే చాలు.

ట్రెజరర్: డబ్బు పంపేది ఎలాగండీ?

విదేశీ విరాళం కాబట్టి ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్‌లో ఆస్పత్రికి ఉన్న ఎఫ్‌సీఆర్‌ఏ (భారత విదేశీ విరాళాల చట్టం) ఖాతాకే పంపాలండీ. వాట్సాప్‌లో ఇంకే అకౌంట్ నంబర్ వచ్చినా నమ్మకండి. రసీదు రాగానే ఇక్కడే పెడతాను.

గేటుకి ఇద్దరు, కుర్చీలకి నలుగురు ఇంకా కావాలి. పేర్లు ఈ రాత్రికే ఇవ్వండి.