1966 అంబాసడర్ మార్క్ 2: విప్పి కొత్తగా చేయించాలా, ఉన్నదాన్ని ఉన్నట్టే నడిపించాలా?

నాగావళి66:
టెక్కలి దగ్గర ఒక షెడ్డులో 1966 అంబాసడర్ మార్క్ 2 ఉంది. 1997 నుంచి రోడ్డెక్కలేదు. 2018 తిత్లీ తుపానుకి షెడ్డు రేకులు లేచిపోతే టార్పాలిన్ కప్పి ఒగ్గేశారు. పేపర్లన్నీ ఉన్నాయి. ఇంజన్ తిరగట్లేదు. రంగు వెలిసిపోయింది గానీ పెచ్చులూడింది రెండు మూడు చోట్లే. సీట్లు పాత రెక్సినే.

ఇంట్లో రెండు పార్టీలు. మొత్తం విప్పేసి, రంగు గీకించి, ఇసుజు ఇంజనూ ఫ్లోర్ గేరూ పెట్టించేద్దాం అని ఒకరు. నట్టు కూడా మార్చొద్దు, స్టార్ట్ చేస్తే చాలని ఇంకొకరు. తెలిసినవాళ్ళు ఎటు?

టింకరింగ్_మాస్టారు:
విప్పాల్సిందే. మన సముద్రపు గాలికి ఇరవై ఏళ్ళు పైబడి ఉన్న బండిని "ఒరిజినల్" అనడం పైకి చూసి చెప్పే మాట. అంబాసడర్‌కి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. డోర్ల కింద ఉండే సిల్ బాక్సులు, జాక్ పాయింట్లు, ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) వెనక వైపు వచ్చి బిగిసే క్రాస్ మెంబరు, ఈ మూడింట్లో తుప్పు పడితే పైన రంగు ఎంత పాతదైనా ఏం లాభం? పైగా టార్పాలిన్. పగలు వేడికి నేలలో తేమ లేస్తుంది, రాత్రి చల్లబడి టార్పాలిన్ లోపల నీరై బాడీ మీదకే దిగుతుంది. వానలో తడిసిన బండి ఎండకైనా ఆరుతుంది. దీనికి ఆరే దారే లేదు.

రబ్బరు మ్యాట్లు తీసి, సన్న సుత్తితో ఫ్లోరు అంతా తట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది, పుచ్చినది బొద్దుగా పలుకుతుంది. డిక్కీలో స్టెప్నీ గుంట, డోర్ల అడుగు అంచు, బ్యాటరీ ట్రే కూడా చూడండి. డోర్ల అడుగున నీళ్ళు పోయే కన్నాలు ఎక్కువ బళ్ళలో మట్టితో పూడుకుపోయి ఉంటాయి, తుప్పు మొదలయ్యేది అక్కడే.

చంపావతి:
మాస్టారూ, సిల్లు పుచ్చితే సిల్లు కొయ్యండి, కాదన్నదెవరు? దానికోసం రూఫు మీద, బోనెట్ మీద ఉన్న రంగు గీకడం ఎందుకు? ఫీవా అనే అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య 2013లో టురిన్ ఛార్టర్ అని ఒక పత్రం తెచ్చింది. దాని సారం ఇదే: ఉన్నదాన్ని కాపాడడం ముందు, పునరుద్ధరణ తర్వాత, కొత్తగా చేయడం ఆఖరున. ఫ్యాక్టరీ రంగు ఒకసారి గీకేస్తే మళ్ళీ రాదు. వెలిసిన రంగుతో ఇంకో పదేళ్ళు నడిపి, అప్పుడు కావాలంటే వేయించుకోవచ్చు.

ముందు అది ఏ రంగో తెలుసుకోండి. డిక్కీ మూత లోపలి అంచున, కనపడని చోట, ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌తో తడిపిన తెల్లగుడ్డ అర నిమిషం ఆనించండి. రంగు గుడ్డకి దిగితే లాకర్, అంటే థిన్నర్‌కి కరిగే పాత రకం రంగు. దిగకపోతే కాల్చిన ఎనామెల్ గానీ, తర్వాతెప్పుడో వేసిన 2కె (గట్టిపరిచే మందు కలిపి వేసే రంగు) గానీ. మందం కొలిచే మీటరు దొరికితే ప్యానెల్‌కి నాలుగైదు చోట్ల పెట్టండి. ఒకటి రెండు వందల మైక్రాన్ల లోపు ఉంటే మొదటి రంగు కావచ్చు. వెయ్యి దాటిందంటే కింద లప్పం ఉన్నట్టే, అక్కడ కాపాడుకోవడానికి ఏమీ లేదు, మాస్టారికి అప్పగించేయండి.

ప్రెషర్ వాష్ పెట్టొద్దు, పెచ్చు అంచు కిందకి నీళ్ళు పోయి పక్కనున్న మంచి రంగుని కూడా లేపేస్తుంది. బకెట్ నీళ్ళు, మెత్తని షాంపూ, చేత్తోనే. సన్న రకం రబ్బింగ్ కాంపౌండు ఒక్కసారే, అంచుల మీద అసలొద్దు. అంచున రంగు పల్చగా ఉంటుంది, రెండు రుద్దులకే ప్రైమర్ కనపడుతుంది. పెచ్చులూడిన చోట వదులు తుప్పు తీసి టానిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూయండి. కరక్కాయ నీళ్ళు ఇనుముని నల్లబరిచినట్టే ఇదీ తుప్పుని నల్లగా గట్టిపరుస్తుంది. ఆరాక పైన వ్యాక్స్.

రెండోగేరు:
రంగు గొడవ తర్వాత. ఇంజన్ "తిరగట్లేదు" అన్నారు కాబట్టి ముందు ఒకటి చెప్పాలి: తాడు కట్టి గేరులో వేసి లాగొద్దు. పిస్టన్ రింగులు పట్టేసి ఉంటే విరుగుతాయి. వాల్వు గైడులో పట్టేసి ఉంటే పుష్‌రాడ్ వంగుతుంది. ఉచితంగా అయ్యే పని కాస్తా హెడ్ దించే పని అవుతుంది.

ప్లగ్గులు నాలుగూ తీయండి. ఒక్కో సిలిండర్లో 25-30 మి.లీ. పొయ్యండి, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్) సగం, డీజిల్ సగం. మూడు నాలుగు రోజులు అలాగే ఉంచి రోజూ ఇంకాస్త పొయ్యండి. ఈలోగా రాకర్ కవరు విప్పండి. వాల్వు మూసుకుని ఉన్నప్పుడు రాకర్ కాస్త ఆడాలి, స్ప్రింగు పైకే ఉండాలి. ఒక స్ప్రింగు నొక్కుకుపోయి, దాని రాకర్ వదులుగా ఊగుతుంటే ఆ వాల్వు తెరుచుకునే పట్టేసింది. వాల్వు కాండం మీద ఆయిల్ చుక్కలు వేసి ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా తట్టండి. దిగి మళ్ళీ పైకి రావాలి, వచ్చేదాకా క్రాంక్ తిప్పొద్దు.

తర్వాత ముందు బంపరు కన్నంలోంచి హ్యాండిల్ వేసి, ప్లగ్గులు లేకుండానే, పావు చుట్టు ముందుకి కాస్త కాస్తగా ఊపండి. బలం పెట్టొద్దు, ఊపు చాలు. ఇంజన్ పట్టు వదిలాక ప్లగ్ కన్నాల మీద గుడ్డ కప్పి పూర్తి చుట్టు తిప్పండి, లేకపోతే లోపలి డీజిలంతా మొహాన కొడుతుంది.

కిందకి దిగిన డీజిల్ ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది, ఆ ఆయిల్‌తో స్టార్ట్ చేస్తే బేరింగులు పోతాయి. సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే పళ్ళెం) దించండి. అడుగున నల్లటి గసి వేళ్ళకి అంటుకునేంత మందాన ఉంటుంది. పంపు జల్లెడ కడగకుండా కొత్త ఆయిల్ పోస్తే ఆ గసి కరిగి జల్లెడని మూసేస్తుంది. 20డబ్ల్యు-50 మినరల్ ఆయిల్, కొత్త ఫిల్టరు. ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ తిప్పి, ఆయిల్ ప్రెషర్ కనపడ్డాకే ప్లగ్గులు బిగించండి. ప్రెషర్ రాకపోతే పంపు గాలి పట్టినట్టు, పంపు దారిలోకి ఆయిల్ ఎక్కించి మళ్ళీ చూడాలి.

డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల గ్యాప్ 0.015 అంగుళం, ప్లగ్ గ్యాప్ 0.025, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ఇంకోటి, బ్యాటరీ పెట్టే ముందు బాడీకి వెళ్ళే కేబుల్ ఏ టెర్మినల్‌దో చూడండి. ఆ కాలపు బళ్ళలో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి, ఉండొచ్చు. అలవాటు కొద్దీ నెగటివ్‌ని బాడీకి ఇస్తే డైనమో ఛార్జింగ్ తలకిందులవుతుంది.

కంప్రెషన్ నాలుగింట్లో దగ్గరగా ఉంటే హెడ్ జోలికి పోవద్దు. సీసం లేని పెట్రోలుకి వాల్వు సీట్లు అరుగుతాయి, గట్టివి వేయించాలని చాలామంది అంటారు. దేశమంతా సీసం ఆపింది 2000 ఫిబ్రవరిలో, ఈ బండి అంతకు ముందే ఆగింది. నెలకి వంద కిలోమీటర్లు మెల్లగా తిరిగే బండికి సీట్లు అరిగేది చాలా నెమ్మదిగా. వాల్వు గ్యాప్ తరచూ తగ్గిపోతుంటే అప్పుడు చూసుకోండి.

టింకరింగ్_మాస్టారు:
ఇంజన్ గురించి రెండోగేరు గారి మాటకి తిరుగులేదు. ఎలుకల సంగతి ఎవరూ ఎత్తలేదేం? సీట్ల కింద గూళ్ళు పెడితే వాటి మూత్రానికి ఫ్లోరు రేకూ పోతుంది, వైరింగూ పోతుంది. "ఒరిజినల్ వైరింగ్" అని ఉంచుకుంటే డ్యాష్‌బోర్డు వెనక పొగ చూస్తారు.

వంశధార_ఫియట్:
ఫియట్ వాళ్ళం కూడా ఇదే వాదన పడుతుంటాం కాబట్టి దూరుతున్నాను. నా గీత ఇది: కంటికి కనపడేది కాపాడండి, ప్రాణం నిలబెట్టేది కొత్తది వేయండి. బ్రేకులు, పెట్రోలు దారి, టైర్లు, వైరింగు. వీటిలో "పాతది బాగానే ఉంది" అనే మాటే లేదు.

బ్రేకులు: వీల్ సిలిండర్లన్నీ విప్పండి. లోపల గుంటలు పడితే ఎమెరీ పేపరుతో రుద్ది కొత్త రబ్బరు కప్పులు వేస్తే వారంలో కారుతుంది. లేత్ మీద ఇత్తడి గానీ స్టెయిన్‌లెస్ గానీ స్లీవు వేయించండి, బయట బాడీ ఒరిజినలే మిగులుతుంది. మూడు రబ్బరు హోస్ పైపులూ కొత్తవి. పాతవి లోపల ఉబ్బి వాల్వులా పనిచేస్తాయి, నొక్కితే పడుతుంది, ఒదిలితే వదలదు. ఇనుప పైపులు లోపల్నుంచి పుచ్చుతాయి. బదులుగా ఏసీ మెకానిక్ దగ్గర దొరికే మెత్తని రాగి పైపు మాత్రం వేయొద్దు, అదురుకి గట్టిపడి పగులుతుంది. బ్రేక్ ఆయిల్ డాట్ 3 రకం చాలు, ఏడాది రెండేళ్ళకోసారి మార్చాలి, మన తేమకి మరీను.

ట్యాంకు: మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు దాని జోలికే పోకండి. లీటరు సీసా పైన వేలాడదీసి ఏసీ కంపెనీ పెట్రోలు పంపుకి గానీ కార్బురేటర్‌కి గానీ ఇవ్వండి. ట్యాంకు విడిగా దించి, పాత పెట్రోలు జిగురు పోగొట్టి, లీటరు వేణ్ణీళ్ళకి 50 గ్రాముల నిమ్మఉప్పు కలిపి నింపి ఒక రోజు ఉంచండి. తర్వాత వాషింగ్ సోడా నీళ్ళతో కడిగి, అదే పూట ఆరబెట్టి లోపల ఆయిల్ తిప్పండి. రాత్రికి వదిలేస్తే పొద్దున్నకి మళ్ళీ ఎర్రబడుతుంది. ట్యాంకుకి వెల్డింగ్ పెట్టనీయకండి, ఖాళీ ట్యాంకే పేలుతుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అందులో ఇథనాల్ పెట్రోలు పంపులోని పాత రబ్బరు డయాఫ్రమ్‌ని ఉబ్బిస్తుంది, గాలిలో తేమని లాగుతుంది. డయాఫ్రమ్, ఓ రింగులు, పైపులు ఇథనాల్ తట్టుకునే రకం వేయండి. నడపని నెలల్లో ట్యాంకు నింపి ఉంచడం కన్నా పెట్రోలు తీసేసి ఇంజన్ ఆగేదాకా నడిపి కార్బురేటర్ ఖాళీ చేయడం మేలు. టైరు 5.90-15, ట్యూబు రకం. గీతలున్నా సైడు పగుళ్ళుంటే తీసేయండి.

వైరింగు కొత్తది అల్లించినా పాత రంగుల వరసలోనే. దాంతోపాటు బ్యాటరీ దగ్గర కరెంటు మొత్తం ఆపే ఒక ఐసొలేటరు స్విచ్చి, కనపడకుండా అదనపు ఫ్యూజులు. ఈ బండికి ఇచ్చింది రెండే ఫ్యూజులు కదా.

నాగావళి66:
ఇసుజు ఇంజన్ సంగతి ఎవరూ తేల్చలేదు. ముడుసులు నొప్పి లేకుండా విశాఖ వెళ్ళొచ్చని ఇంట్లో వాదన.

చంపావతి:
అది పెట్టించాక ఈ చర్చ అక్కర్లేదు. 1990ల 1800 సీసీ ఇసుజు ఇంజన్ అంబాసడర్‌లో అయిదు గేర్ల ఫ్లోర్ బాక్సు. దాన్ని ఈ షెల్‌లో కూర్చోబెట్టాలంటే ఫ్లోరు టన్నెలు (గేరుబాక్సు మీద ఉబ్బెత్తుగా ఉండే ఫ్లోరు రేకు) కొయ్యాలి, స్టీరింగ్ కాలమ్ మీది గేరు పోవాలి, ఇంజన్ మౌంట్లు మార్చాలి. ఒకసారి కోసిన టన్నెలు మళ్ళీ మొదటిలా రాదు.

చట్టం వైపు నుంచి కూడా నష్టమే. 2021 జులైలో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, సొంత వాడకానికి ఉన్న టూవీలర్లూ కార్లూ అర్హం. 1966 బండి వయసు సరిపోతుంది. కానీ బండి మొదటి రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్పులతో పెద్ద ఎత్తున మరమ్మతు జరిగి ఉండకూడదు. అప్పటికే రిజిస్టరైన బండి పాత నంబరు ఉంచుకోవచ్చు. కొత్త నంబరు తీసుకునేవాటికి వి.ఎ. సిరీస్. దానికి 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. అయితే రోజూ తిరగడానికి కాదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ రిపేరుకీ పెట్రోలుకీ మాత్రమే. పెళ్ళిళ్ళకి అద్దెకిద్దామనే ఆలోచనుంటే ఆ దారి ఎంచుకోవద్దు.

టింకరింగ్_మాస్టారు:
ఇసుజు విషయంలో చంపావతి గారితో నేనూ ఒకటే. సిల్ మార్చితే "బాడీ షెల్ మార్పు" అంటారేమో అని భయపడకండి. అదే కొలత, అదే ఆకారం, అదే మందం రేకు పెడితే అది రిపేరు. కోసే ముందూ తర్వాతా ఫొటోలు తీసి పెట్టుకోండి, రేపు ఎవరడిగినా పనికొస్తాయి.

రంగు మీద సగం దిగొచ్చాను. రూఫు, బోనెట్, డిక్కీ మూత నేను ముట్టుకోను. కానీ సిల్ వెల్డింగు చేశాక ఆ వేడికి డోరు కింద పట్టీ రంగు కాలుతుంది, అది ఎలాగూ వేయాలి. కొత్త రంగుని వెలిసినదానికి మ్యాచ్ చేయడం మామూలు పెయింటరుకి రాదు, అక్కడ తేడా కనపడుతుంది. ఒప్పుకోవాల్సిందే.

చంపావతి:
ఆ పట్టీని కాస్త మ్యాట్‌గా వదిలేస్తే సరి. తేడా దాచకుండా ఉండడమే నయం.

టింకరింగ్_మాస్టారు:
మ్యాట్ సంగతి పెయింటరుతో తేల్చుకుందాం. మనలో చాలామంది తప్పేది ఇంకో చోట ఉంది. డోర్లు తీసేసి, బండిని మధ్యలో జాకీ మీద పెట్టి రెండు సిల్లూ ఒకేసారి కోస్తారు. షెల్ వంగిపోతుంది, తర్వాత ఏ డోరూ మూసుకోదు. బండిని నాలుగు చక్రాల బరువు మీదే ఉంచి, డోరు ఫ్రేముల్లో అడ్డంగా ఒక అంగుళం చదరపు పైపు వెల్డు పెట్టి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క కొయ్యాలి. తీసే ముందే డోరు గ్యాపులు, పైన మధ్యలో కింద, మిల్లీమీటర్లలో రాసి పెట్టుకోవాలి. బయటి సిల్ మార్చి లోపలి రెయిలు పుచ్చినదాన్నే వదిలేస్తే పని చేయనట్టే.

నాగావళి గారూ, ఫ్లోరు మ్యాట్లు తీశాక జాక్ పాయింట్లు నాలుగూ, టార్షన్ బార్ వెనక బ్రాకెట్లు రెండూ కింద నుంచి దగ్గరగా ఫొటో తీసి పెట్టండి. స్క్రూడ్రైవరుతో పొడిస్తే దిగిన చోట చాక్‌పీసు గుర్తు పెట్టి తీయండి. అవి చూశాకే సిల్ ముక్కలు కొత్తవి వంచాలా, కోల్‌కతా మల్లిక్ బజారు నుంచి పాతవి తెప్పించుకోవాలా చెప్పగలను.