నీట మునిగె... తర్వాత మాట ఏమిటి?

పాతనోట్సు: నేతాజీ సబ్‌మెరైన్ ప్రయాణం మీద మా తెలుగు మాస్టారు ఒక ఆటవెలది చెప్పేవారు. రెండో పాదం «నీట మునిగె దేవదారు...» అని, చివర «నెమ్మదిగను» అని గుర్తు. మధ్యలో ఎక్కడో తేడా కొడుతోంది. కాస్త అతకండి.

యతిమైత్రి: దేవదారు రెండు హగణాలండీ, అంటే రెండు గురువు-లఘువు జంటలు. నాలుగో గణం ‘దా’తో మొదలవుతుంది; పాదం మొదటి ‘నీ’కి ‘దా’తో యతి (అక్షరాల పొత్తు) ఎలా కుదురుతుంది? మధ్యలో ఒక్క సూర్యగణానికే (హగణం గానీ, మూడు లఘువుల నగణం గానీ) చోటుంది. «నీట మునిగె సరళ నెమ్మదిగను». ఆ చివరి ‘ను’ పాదపూరణకే, క్షమించేద్దాం.

ఉప్పుగాలి: ఎవరీ సరళ? పాపం, ఎందుకు మునిగింది?

యతిమైత్రి: చెట్టండీ బాబూ! నేతాజీ ఎక్కిన జపాన్ సబ్‌మెరైన్ ఐ-29 రహస్యనామం పైన్ చెట్టే, అంటే మన సరళ. మేఘసందేశంలో ఒరుసుకుని నిప్పు పుట్టించేవి ఈ సరళవృక్షాలే. దేవదారు వేరు, అది రఘువంశంలో శివుడు కొడుకులా పెంచుకున్న చెట్టు.

కంచర్లవీధి: అంత దూరం ఎందుకు? అసలు పేరే ‘మాత్సు’, హగణం. మాస్టారు అదే వాడి ఉంటారు.

యతిమైత్రి: ‘మత్సు’. దీర్ఘం లేదు. త్సు ముందు మ ఎలాగూ గురువే.

కంచర్లవీధి: సరే, మత్సు. జపనీస్‌లో ఆ మాటకు ఎదురుచూడటం అనీ అర్థం. వాళ్ల పాత కవులు దాని మీద తెగ శ్లేషలు కట్టారు. 1943 ఏప్రిల్‌లో మడగాస్కర్ దగ్గర జర్మన్ సబ్‌మెరైన్ యు-180ని కలిసి, అలజడి సముద్రంలో రబ్బరు తెప్ప మీద నేతాజీని దించుకున్న పడవకు ఎంత చక్కగా సరిపోయిందో!

చార్మినార్‌చాయ్: ఆ తెప్పలో మా హైదరాబాదు ఆబిద్ హసన్ కూడా ఉన్నాడు. ఒక్కరూ అనరేం?

ఉప్పుగాలి: అసలు ‘మునిగె’ అంటే ఏ మునగడం? సబ్‌మెరైన్ రోజూ మునిగేదే. 1944 జూలై 26న ఫిలిప్పీన్స్ దగ్గర అమెరికా సబ్‌మెరైన్ సాఫిష్ టార్పెడోలకు మునిగిందీ మునగడమే. అప్పుడు కెప్టెన్ కినాషి. 1942లో ఐ-19 సబ్‌మెరైన్‌తో అమెరికా విమానవాహక నౌక వాస్ప్‌ను ముంచినవాడే. నెమ్మదిగా ఏమీ మునగలేదు, బతికింది ఒక్కడు. కాబట్టి పద్యం మొదటి మునక గురించే.

కంచర్లవీధి: రెండూ ఎందుకు కాకూడదు? ఒకే పద్యంలో రామాయణం, భారతం రెండూ చెప్పిన సూరన రాఘవపాండవీయంలో...

యతిమైత్రి: సూరనను తెచ్చారా, ఇక తెల్లారినట్టే. అయినా ఆయన శ్లేషలో ‘నెమ్మదిగను’ లాంటి వదులు మాట పడనివ్వడు.

పాతనోట్సు: ఇంతకీ సరళా, మత్సా?

అరసున్న: ముందు ‘మునిఁగె’ అని రాయండి.